ఆకు మీద జంపక్క

బూర్గంపాడులో నాది ఫొటో స్టూడియో. పేరు రామ్‌చందర్. ఆధార్‌కు, దరఖాస్తులకు, పెళ్లిళ్లకు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ నా కెమెరా ముందే నిలబడ్డాయి. ఫొటో అంటే మనిషి మొహం స్పష్టంగా కనబడాలి, కాగితం మీద పదికాలాల పాటు ఉండాలి. నా నమ్మకం అదే. దాన్ని మట్టిలో కలపడానికే వచ్చింది భవాని.

అడవి పల్లె పిల్ల. హైదరాబాదులో బొమ్మల చదువు చదివి, ఉద్యోగం సంగతి గాలికొదిలి తిరిగొచ్చింది. మోదుగాకు మీద ఫొటో అచ్చేసిన పల్చటి ఫిల్ము పరిచి, పైన అద్దం పెట్టి ఎండలో ఉంచుతుంది. ఎండ తగిలినచోట ఆకు వెలిసిపోతుంది, ఫిల్ములో నల్లగా ఉన్నచోట పచ్చగానే నిలుస్తుంది. అదీ ఆమె ఫొటో. ఫిల్ములు మాత్రం నా దగ్గరే వేయించుకునేది.

"ఇంత మంచి కాగితముండంగ ఆకుల మీదేంది పిల్లా, నీకేమన్న పిచ్చా?" అని కసిరేవాణ్ణి.

"ఈ అడవి బొమ్మ ఈ అడవి ఆకు మీదనే ఉండాలె కాకా" అని నవ్వేది.

గుట్టలు, వాగులు, ఇలవేల్పు జెండా పట్టిన పెద్దమనుషులు, ఇప్పపూలు ఏరే ముసలవ్వలు, అందరినీ ఆకులకెక్కించింది. తల్లి జంపక్కను తప్ప. కెమెరా ఎత్తితే చాలు, ఆమె మొహం తిప్పుకునేది. "నన్నేం తీస్తవ్ బిడ్డా, మంచి చీర కట్టిన్నాడు తియ్యి" అనేది. ఆ మంచి చీర కట్టకముందే జ్వరమొచ్చి పోయింది.

తర్వాత తండ్రి దూలయ్య కూతుర్ని ఒక్కటే అడిగాడు. "ఊరందరి మొఖాలు తీసినవ్. మీ అమ్మ మొఖం ఒక్కపాలి చూపియ్ బిడ్డా."

భవాని కంప్యూటరంతా గాలించి ఒక్క ఫొటో పట్టుకొచ్చింది. బీడీల తునికాకు మూట నెత్తిన పెట్టుకొని జంపక్క ఆకు ఎండబెట్టే కల్లానికి పోతోంది. వెనక నుంచి తీసింది. కొప్పు, వీపు, జారిన కొంగు, అంతే.

"దీంట్ల మొఖమేది?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఇదొక్కటే ఉంది కాకా" అంది. ఫిల్ము వేసిచ్చాను. ఆ ఫొటోలో కనబడేది వీపేనని తండ్రికి మాత్రం ఆమె చెప్పలేకపోయింది. ఆకు మీద తయారవుతోందని చెప్పి వాకిట్లో ఎండకు పెట్టింది.

ఎట్లా వచ్చిందో చూడాలని మనసు లాగి, మరునాడు వాళ్ల ఇంటికి వెళ్లాను. భవాని అప్పుడే నీళ్ల బిందెతో వచ్చింది. చూరు కింద కూర్చున్న దూలయ్య సంతోషంగా చెప్పాడు. "ఆకు మర్లేసిన బిడ్డా. ఒక్క దిక్కే ఎండితె ఖరాబైతది."

కల్లంలో తునికాకు కట్టలు తిరగేసి తిరగేసి ముసలివైన చేతులు. ఎండలో ఆకు కనబడితే ఊరుకుంటాయా? అద్దం ఎత్తి, ఆకును తిరగేసి, ఫిల్ములో ఏముందో చూడకుండానే దాన్నీ అద్దాన్నీ పద్ధతిగా మళ్లీ పైన పెట్టాడు. నాకు నెత్తి మండిపోయింది. భవాని ముఖం చూసి మింగేశాను.

ఆమె ఆకు పైకి తీసింది. రెండు వైపులా ఎండ తిని బొమ్మ చెదిరిపోయింది. కొప్పు లేదు, వీపు లేదు, కొంగు లేదు. నెత్తిన మూటతో ఒక పచ్చటి నీడ మిగిలింది.

"ఖరాబైంది నాయినా, ఇంకోటి చేస్త" అని దాచబోయింది. దూలయ్య చేయి చాపి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మీ అమ్మనే" అన్నాడు. "మొఖం మీద నీడ వడ్డది గని, ఆమెనే. మూటెత్తుకొని ఇంటికొస్తాంది."

భవాని తండ్రి పక్కన కూలబడింది. "అవ్ నాయినా, వస్తాంది" అంది. తల్లి పోయిన నాడు కూడా బిగబట్టుకున్న పిల్ల, అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది.

దూలయ్యకు ఏమీ అర్థం కాలేదు. ఆకును ఒళ్లో పెట్టుకొని ఆమె తల నిమిరాడు.

"ఏడుస్తవేంది పిచ్చిదానా? వస్తాంది గద."