వీణ కుండ మీద అరచెయ్యి

బొబ్బిలి దగ్గర వీణలు చేసే మా మావయ్యకి పనిలో దశకో మాట ఉండేది. పనస దుంగనైతే నరకడం, నాదం పలికే గుండ్రటి వీణ కుండనైతే తొలచడం, ఆఖర్న లతలైతే చెక్కడం. తొలచడమంటేనే ఆయనకు భయం. వీణంతా ఒకే దుంగ కాబట్టి, కుండకు చిల్లు పడితే అన్నాళ్ల పనీ పోయినట్టే.

అందుకే కుడిచేత్తో లోపల ఉలితో గీరుతూ, ఎడమ అరచేతిని కుండకు బయట ఆనించేవారు. చెక్క పలచబడేకొద్దీ ఉలి అదురు ఆ చేతికి తెలిసేది. "సూడు, వస్తన్నాది" అని మా చేతుల్నీ అక్కడ పెట్టించేవారు.

మొన్న వేసవిలో వెళ్లేసరికి ఆయన గీరుతూనే ఉన్నారు గానీ ఆ మాట అనడం లేదు. షుగరొచ్చాక చేతులు తిమ్మిరెక్కుతున్నాయని అత్త చెప్పింది. ఉండబట్టలేక ఆయన చేతి పక్కనే నా చెయ్యి పెట్టాను. ఉలి నా చర్మాన్నే గీరుతున్నట్టుంది.

"వస్తన్నాది మావా."

ఉలి ఆగింది. మావయ్య అరచేతిని లుంగీకి తుడుచుకుని, మళ్లీ అక్కడే ఆనించి, మెల్లగా ఒక్కసారి గీరారు.

"నీకొస్తన్నాదేటి?"

"గట్టిగానే వస్తన్నాది."

ఆయన కుండను రెండో వైపుకి తిప్పి, చెమట పట్టిన చేత్తో నా చెయ్యి పట్టుకుని, తన చెయ్యి ఉండాల్సిన చోట పెట్టారు.

"తియ్యకురా. వస్తే సెప్పు."