కొలవని దిమ్మ

బెర్తోక్ వెన్సెల్‌కు మట్టి తప్ప మరో లోకం తెలియదు. హంగరీలో తిసా నదికి గట్లు పోసే చోంగ్రాడ్ ఊరి మట్టిపనివాళ్ళకు అతను మేస్త్రీ. తనతో కలిపి ఇరవైమంది మనుషులు, ఇరవై ఒంటిచక్రం తోపుడుబళ్ళు, సంచుల్లో రొట్టె, ఉప్పు పట్టించిన పందికొవ్వు, ఉల్లిపాయలు. అదే అతని రాజ్యం. "ఈయనగారికి నాకంటే మట్టిపెళ్ళలే ముద్దు" అనేది భార్య రోజీ. అది అబద్ధమని ఊళ్ళో ఎవరూ గట్టిగా అనలేకపోయారు.

పద్దెనిమిది వందల నలభై తొమ్మిది వసంతకాలంలో కెప్టెన్ లోవాస్ అనే కుర్ర ఇంజనీరు ఊళ్ళో దిగాడు. చక్రవర్తి మీద తిరగబడ్డ హంగరీకి తుపాకీ పట్టేవాళ్ళు దొరికారు గానీ వంతెనలు కట్టేవాళ్ళూ, కందకాలు తవ్వేవాళ్ళూ కరువయ్యారు. అందుకని అతను వడ్రంగులనీ, పడవవాళ్ళనీ, గని కూలీలనీ పోగుచేసి ఇంజనీరు దళం కూడగడుతున్నాడు. వెన్సెల్ చేరతానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు.

"మా ఇరవైమందినీ విడదీయకూడదు దొరా. పన్నెండేళ్ళుగా ఒకే కుండలో తింటున్నాం."

"గురువారం మేజరుగారు తనిఖీకొస్తారు మేస్త్రీ. మీరు పనికొస్తారని ఆయనకి నమ్మకం కుదిరితే సరే. లేదంటే తలా ఒక పటాలానికి పంచేస్తారు. ఈలోగా రేవు దగ్గర కందకం తవ్వి చూపించండి."

మూడు రోజుల్లో బార లోతున తవ్విపారేశారు. గురువారం పొద్దున్నే వచ్చి చూసిన కెప్టెన్ నెత్తి కొట్టుకున్నాడు. కందకం నడిమధ్యలో పదేసి అడుగులకొక తవ్వని మట్టిదిమ్మ, నెత్తిన గడ్డితో సహా, దర్జాగా నిలబడి ఉంది.

"ఏంటయ్యా ఇవి? శత్రువులు కూర్చోడానికి పీటలేశారా?"

"సాక్షి దిమ్మలు దొరా. ఎంత లోతు తవ్వామో ఇవే చెప్తాయి. మీరు కొలిచాక పడగొడతాం."

"ఇది యుద్ధమయ్యా! ఇక్కడెవరూ కొలవరు."

"కొలవకపోతే పనయిందని ఎట్లా తెలుస్తుంది?"

వెన్సెల్‌కు నిజంగానే అర్థం కాలేదు. తాతలనాటి నుంచీ కొలిస్తేనే పని అయినట్టు. అంతదాకా ఎవడూ ఇంటిదారి పట్టడు. కెప్టెన్ కసిరాడు, బతిమాలాడు. చివరికి వెన్సెల్ అన్నీ పడగొట్టించి మూలనున్న ఒక్కదాన్ని మాత్రం ఉంచేశాడు. "అది మేజరుగారి కంట పడకూడదు" అన్నాడు కెప్టెన్. మనిషంత దిమ్మ ఎక్కడ దాక్కుంటుందో మాత్రం చెప్పలేదు.

మేజరు వచ్చి గట్టు మీద నిలబడి పెదవి విరిచాడు. "ఇది నది పాత పాయ కదూ? పైపైన గీకి కందకం అంటున్నారు. ఈ కూలీలు మూడు రోజుల్లో ఇంత తవ్వారంటే నమ్మమంటావా?"

వెన్సెల్ టోపీ తీసి దిమ్మ వైపు చెయ్యి చాపాడు. పైన గడ్డి, దానికింద నల్లమట్టి, అడుగున పచ్చటి బంకమన్ను.

"పాత పాయయితే గడ్డి కింద ఇసుకుండాలి అయ్యగారూ. ఇది మొన్నటిదాకా గొర్రెలు మేసిన నేల. కావాలంటే కొలుచుకోండి."

మేజరు వంగి దిమ్మలోని పొరలు చూశాడు. "కొలవక్కర్లేదు. వీళ్ళని విడదీయకు కెప్టెన్" అని గుర్రమెక్కాడు.

మిగతా పంతొమ్మిదిమందీ టోపీలు ఎగరేశారు. వెన్సెల్ మాత్రం మూతి ముడుచుకున్నాడు. కొలవలేదుగా మరి! మధ్యాహ్నానికే బయల్దేరమని ఉత్తరువు వచ్చింది. దిమ్మ అలాగే ఉండిపోయింది.

ఆ వేసవంతా వాళ్ళు వంతెనలు కట్టారు, శత్రువు దాటకుండా కట్టిన వంతెనల్ని తామే తగలబెట్టారు. కాస్త ఊపిరి తీసుకునే సమయం దొరికితే చాలు, వెన్సెల్ కెప్టెన్ పక్కన చేరేవాడు.

"దొరా, ఆ కొలత..."

"నీకు దణ్ణం పెడతాను మేస్త్రీ. ముందు ఈ ఫిరంగుల్లోంచి బయటపడనీ."

"మేజరుగారి పొట్టయినా కొలవాల్సింది మావా" అని మనుషులు ఏడిపించేవాళ్ళు. ఆగస్టు వచ్చేసరికి ఏడిపించేవాళ్ళు తగ్గిపోయారు. ఇరవైమందిలో పదకొండుమంది మిగిలారు. యుద్ధం ఓడిపోయారు. చక్రవర్తి సైనికులు కెప్టెన్‌కు సంకెళ్ళేసి బండెక్కిస్తుంటే వెన్సెల్ ఆ బండి దగ్గరికి పరుగెత్తాడు. చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. నోటికొచ్చింది ఒక్కటే.

"దొరా, ఆ కొలత..."

కెప్టెన్ పకపకా నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

తర్వాత ఆరేళ్ళు వెన్సెల్ గట్లు పోసుకుంటూ బతికాడు. రేవు వైపు వెళ్ళినప్పుడల్లా దిమ్మ మీదికి గొర్రెలెక్కకుండా తరిమేవాడు. "ఇంటిగోడ కూలుతుంటే పట్టదు గానీ ఆ దిమ్మకి కాపలా ఒకటి" అని రోజీ సాధించేది. సాధిస్తూనే రొట్టె మూటగట్టి ఇచ్చేది.

ఒక రోజు గుమ్మంలో తల నెరిసిన మనిషి ఒకడు కుంటుతూ వచ్చి నిలబడ్డాడు. చేతిలో కొలకర్ర.

"ఉందా మేస్త్రీ?"

"ఎక్కడికి పోతుంది దొరా?"

ఇద్దరూ కందకంలోకి దిగారు. కెప్టెన్ దిమ్మ పక్కన కర్ర నిలబెట్టాడు. "బారకి జానెడు తక్కువ."

వెన్సెల్‌కు ఒళ్ళు మండింది. "ఆరేళ్ళ ఒండ్రుమట్టి అడుగున పేరుకుంటే అదీ మా లెక్కేనా?"

కెప్టెన్ మోకాళ్ళ మీద కూర్చుని, పచ్చటి బంకమన్ను తగిలేదాకా చేతుల్తో బురద తోడి, మళ్ళీ కర్ర నిలబెట్టాడు.

"సరిగ్గా బార."

వెన్సెల్ టోపీ తీశాడు.

"అయితే పనయినట్టే కదా దొరా. ఇక మావాళ్ళని ఇంటికి పంపించండి."

కెప్టెన్ లేచి, బురద చేతుల్తోనే, నిటారుగా నిలబడ్డాడు. "వెళ్ళొచ్చు మేస్త్రీ."

"ఇరవైమందీనా?"

"ఇరవైమందీ."

వెన్సెల్ పార అందుకుని దిమ్మను పడగొట్టాడు.