పన్నెండో బండ మీది చెప్పులు

నవ్వితే నవ్వండి. నా బిడ్డ సర్టిఫికెట్ మీద చెయ్యి పెట్టి చెప్తున్నా, ఇందులో ఒక్క అంకె కూడా నేను కల్పించింది కాదు. నేను చదివింది నాలుగో తరగతి. కానీ బావి తవ్వితే ఎన్ని ట్రాక్టర్ల మట్టి లేస్తుందో, గోడ కడితే ఎన్ని ఇటుకలు పడతాయో మహారాష్ట్రలోని మా కుండల్‌వాడిలో నన్నే అడుగుతారు. కాగితం లేకుండా చెప్తాను. దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. లెక్క మీద ఉంది. ఆ రాత్రి తప్పింది లెక్కే... అదే నా బాధ.

పోయిన వానాకాలం. మా సరిత నాందేడ్‌లో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ పూర్తి చేసింది. నిజామాబాద్‌లో బీఎడ్ సీటు వచ్చింది. మైగ్రేషన్ సర్టిఫికెట్ ఎల్లుండి సాయంత్రంలోపు అక్కడ ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు వెనకవాళ్లకు పోతుంది. ఆ ఒక్క కాగితం కోసం అప్పటికే మూడు రోజులు తిరిగాం. మొదటి రోజు యూనివర్సిటీ ఆఫీసులో నాలుగో కిటికీ ఏడో కిటికీకి పంపింది. ఏడు మళ్లీ నాలుగుకు పంపింది. రెండో రోజు కంప్యూటర్ పని చెయ్యలేదు. మూడో రోజు కంప్యూటర్ పని చేసింది, దాని ముందు కూర్చునే మనిషి రాలేదు.

చివరికి తెలిసిందేమిటంటే, రోజుకు ఇరవై టోకెన్లే ఇస్తారు. అందుకే ముందు రోజు సాయంత్రం నుంచే లైను. మనిషి నిలబడక్కర్లేదు, చెప్పులు పెడితే చాలు. కిటికీ ముందు వరండాలో షాబాద్ బండలు వరసగా పరిచి ఉంటాయి. బండకు ఒక జత. రాత్రంతా అక్కడే పడుకోవాలి, లేకపోతే చెప్పులు చెల్లవు. ఆడపిల్లల హాస్టల్ గేటు మాత్రం రాత్రి ఏడున్నరకు మూస్తారు. అంటే ఆడపిల్ల లైన్లో ఉండలేదు. రెండు నిబంధనలూ ఒకే ఆఫీసువి! రెండూ కలిపితే ఏమొస్తుందో ఒక్కడూ చూసుకోలేదు. ఏమొచ్చిందంటే, నేనొచ్చాను.

ఎనిమిదింటికి వాన వెలిసింది. లెక్కపెట్టాను. పంతొమ్మిది జతలు. నావి ఇరవయ్యో బండ మీద పెట్టాను. దాని మూల విరిగి ఉంది, గుర్తుకు బాగుంది. నా ముందు పంతొమ్మిదో మనిషి గంగారాం, ఉమ్రి రైతు. కొడుకు కాగితం కోసం వచ్చాడు.

"సరింగ ఇర్వై, అన్నా! నీది కడాఖరు టోకెన్. నసీబు మంచిదున్నది నీది," అన్నాడు.

సరితకు ఫోన్ చేసి చెప్పాను. "నిద్రవో బిడ్డా. లెక్క సరిపోయింది."

పదింటికి నీళ్లు తాగి వచ్చి, అలవాటు కొద్దీ మళ్లీ లెక్కపెట్టాను.

నా ముందు... ఇరవై.

ఇంకోసారి. ఇరవై. వెనకనుంచి ముందుకు. ఇరవై. నా చెప్పులు విరిగిన మూల బండ మీద లేవు. దాని తర్వాతి బండ మీద ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడో మధ్యలో దూర్చాడు!

"గంగారాం! లెవ్వు. నీ చుట్టం ఎవడన్న అచ్చిండా?"

"నా చుట్టం ఎందుకస్తడే? పండనియ్యవా ఏంది?"

"ఒక్క జత ఎక్కువున్నది."

"రాత్రి పదింటికి చెప్పులు లెక్కవెడుతున్నవ్... నీ ఇంటోళ్లు ఎట్ల ఏగుతున్నరే నీతోని?"

వదల్లేదు. అందరినీ లేపాను. తిట్టారు. తిట్టనీ. ఎవరి చెప్పులు వాళ్లు చూపించండి అన్నాను. ఒక్కొక్కరూ చూపించారు. పంతొమ్మిది మంది, పంతొమ్మిది జతలు. మిగిలింది ఒకటి. పన్నెండో బండ మీద.

రబ్బరు చెప్పులు. ఆడపిల్లవి. నా జానకు వేలెడే ఎక్కువ. ఎడమదాని పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది. వాన వెలిసి రెండు గంటలైంది, మిగతా చెప్పులన్నీ ఆరిపోయాయి. ఇవి మాత్రం తడి... నీళ్లు కారుతున్నంత తడి.

"ఎవలియి?" అన్నాను. మళ్లీ అడిగాను. "మూడోసారి అడుగుతున్న. ఎవలియి కాకుంటే తీసి పారేస్త."

"పారేసి పండుకో, తండ్రీ!" అన్నాడు గంగారాం.

తీసుకెళ్లి మంచినీళ్ల ట్యాంకు వెనక పడేశాను. పదమూడో బండ నుంచి తొమ్మిది జతలనూ ఒక్కో బండ ముందుకు జరిపాను. నావి మళ్లీ విరిగిన మూల మీదికి వచ్చాయి. ఇరవై. అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాను.

ఎంతసేపైందో... కరెంటు పోయింది.

కప్పలు అరుస్తున్నాయి. చూరు నుంచి బొట్లు పడుతున్నాయి. గంగారాం గురక. అప్పుడు... ట్యాంకు వైపు నుంచి...

టప్.

ఆగింది.

టప్... టప్...

చెప్పుల కాళ్లతో ఎవరో నడుస్తున్నారు. తడి రబ్బరు మడమకు తగిలే చప్పుడు. ఎవరో లేచి ఉంటారులే అనుకున్నాను. అనుకున్నాక లెక్క గుర్తొచ్చింది. ఇక్కడ ఇరవై మందిమి. ఇరవై జతలూ బండల మీద ఉన్నాయి. అంటే అందరం వట్టి కాళ్లతో ఉన్నాం.

మరి చెప్పులేసుకుని నడిచేది ఎవరు?

ఫోన్ జేబులోనే ఉంది. చెయ్యి జేబు దాకా పోలేదు. అడుగులు వరండా ఎక్కాయి. నా ముందు నుంచే పోయాయి. తడి మట్టి వాసన. తర్వాత నడక ఆగింది. చిన్న చప్పుళ్లు మొదలయ్యాయి. చెప్పును ఎత్తి పక్కన పెడుతున్నట్టు. మెల్లగా. మర్యాదగా. నిద్రపోయేవాళ్లు లేవకూడదన్నట్టు.

నేనేం చేస్తాను... లెక్కపెట్టాను. అది తప్ప నాకేం రాదు.

పద్దెనిమిది. తొమ్మిది జతలంటే పద్దెనిమిది చెప్పులు.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత ఇంకో రెండు.

కరెంటు వచ్చింది. వరండాలో ఎవరూ లేరు. పన్నెండో బండ మీద పిన్నీసు చెప్పులు, వేళ్లు కిటికీ వైపుకు. నావి విరిగిన మూల దాటి, ఇరవై ఒకటో బండ మీద.

గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు. బిలోలి దిక్కు ముసలాయన. వట్టి కాళ్లతో ఉరికాను.

"కాకా, లైన్ల ఒక జత..."

"పన్నెండోదా?" అన్నాడు. లేవలేదు. నోట్లో బీడీ కూడా తీయలేదు. "ఏటా వానలప్పుడు ఉంటది. దాన్ని లెక్కల వట్టకు, పటేలా."

"ఎట్ల వట్టకుంట? నాది ఇర్వై ఒకటి అయితున్నది! ఎవలియి అయి?"

"నాకేమెరుక? నేను డ్యూటీకి అచ్చినప్పటి సంది ఉన్నయి. ఎవ్వలు ఏమనరు. నువ్వే లొల్లి వెడుతున్నవ్."

మళ్లీ ఆ చెప్పులు ముట్టుకోలేదు. ధైర్యం లేక అని రాసుకోండి, ఫర్వాలేదు.

పొద్దున పదిన్నరకు కిటికీ తెరిచారు. అందరూ ఎవరి చెప్పుల్లో వాళ్లు నిలబడ్డారు. పన్నెండో బండ మీద మాత్రం వట్టి చెప్పులే, మనిషి లేడు. అంత తోసుకుంటున్నారు కదా, ఒక్కడి కాలూ దాని మీద పడలేదు. గుమాస్తా టోకెన్లు చించడం మొదలుపెట్టాడు. పదకొండు ఇచ్చాడు. పన్నెండు చించాడు... ఎవరికీ ఇవ్వలేదు. గాజు గుండు కింద పెట్టాడు. "తేరా," అని పదమూడు పిలిచాడు.

గంగారాంకు ఇరవై వచ్చింది. నా వైపు చూడలేక తల దించుకుని పోయాడు.

"వీస్ మ్హణజే వీస్," అన్నాడు గుమాస్తా. ఇరవై అంటే ఇరవై. తలుపు వేయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. రేపు సాయంత్రానికి నిజామాబాద్ చేరాలి, ఈ రోజు కాగితం లేకపోతే నా బిడ్డ సీటు పోతుందని మరాఠీలో మొత్తుకున్నాను.

"మరి ఆ పన్నెండు ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కాకపోతే ఎందుకు పక్కన పెట్టారు?"

"పద్ధతి. నా ముందున్నాయన పెట్టేవాడు. నేనూ పెడుతున్నా."

"ఏ నిబంధనలో ఉంది?"

"నిబంధన లేదు. పద్ధతి."

"ఎవరూ రాకపోతే?"

"సాయంత్రం చించేస్తా."

అయ్యా, నాకు ఏడుపొచ్చింది. మూడు రోజులు మమ్మల్ని నిబంధన, నిబంధన అని తిప్పినవాళ్లు, ఏ నిబంధనా లేకుండా రోజూ ఒక టోకెన్ చించేస్తున్నారు!

"చించేది నాకియ్యండి," అన్నాను.

ఆయన కళ్లద్దాల మీదుగా నన్ను చూశాడు. నా వెనక్కి చూశాడు. నా వెనక ఎవరూ లేరు. గుండు జరిపి కాగితం తోశాడు.

"ఇంతవరకు ఎవరూ అడగలేదు," అన్నాడు.

టోకెన్ అంచు తడిగా ఉంది.

నాలుగింటికి సర్టిఫికెట్ చేతికొచ్చింది. పేరు సరిగ్గా ఉంది, అంకెలు సరిగ్గా ఉన్నాయి, ముద్ర పడింది. సరిత దాన్ని గుండెకు హత్తుకుంది. పొద్దున కిటికీ మూసేస్తున్నారన్న తొందరలో నా చెప్పులు లైన్లోనే వదిలేసి ఉరికాను. వేసుకుందామని వరండాకు వెళ్లాను. అందరూ పోయారు. రెండే జతలు మిగిలాయి.

నావి పన్నెండో బండ మీద ఉన్నాయి.

పిన్నీసు చెప్పులు ఇరవై ఒకటో బండ మీద ఉన్నాయి. నా చోట. వేళ్లు కిటికీ వైపుకు.

"నువ్వే అటు ఇటు వెట్టి మర్శినవేమో, బాపూ," అంది సరిత.

నేను మరిచిపోయేవాణ్నా? చెప్పులు వేసుకున్నాను. లోపల తడి.

సరిత ఇప్పుడు నిజామాబాద్‌లో చదువుకుంటోంది. నేను మాత్రం ఆ లెక్క దగ్గరే ఉన్నాను. తన వంతు ఆ పిన్నీసు చెప్పుల పిల్ల నాకు ఇచ్చిందా... నేను లాక్కున్నానా? ఇచ్చి ఉంటే ఇంకా కిటికీ వైపే నిలబడి ఉంది ఎందుకు... లాక్కుని ఉంటే కోపం లేకుండా నా చెప్పులు అంత జాగ్రత్తగా తెచ్చి పెట్టిందెందుకు? అసలు ఎవరైనా ఉన్నారా? తెలీదు. తెలిసింది ఒక్కటే. మర్నాడూ ఆ కిటికీలో ఇరవై టోకెన్లే. ఆమె ఇరవై ఒకటో బండ మీద ఉంది.