దేవుడి ముఖం వద్దన్న అభిమాని

2023 వేసవి. ఆళ్లగడ్డలో మా శిల్పశాలకు నంద్యాల నుంచి ఒక సినిమా హీరో అభిమానులు వచ్చారు. తమ సంఘం ఆఫీసు ముందు ఆయన రాతి బస్ట్ పెట్టాలట. బస్ట్ అంటే ఛాతీ వరకే ఉండే విగ్రహం. మాది తరతరాలుగా దేవుళ్లను చెక్కే ఇల్లు. నవ్వే మనిషిని చెక్కడం నాకు కొత్త. అయినా సరేనన్నాను.

రాయి ముట్టుకునే ముందు క్లే మోడల్ చేస్తాం, అంటే మట్టి నమూనా. మట్టిలో తప్పును బొటనవేలితో దిద్దవచ్చు. రాతిలో ఒక్క పెచ్చు ఎక్కువ లేచిందా, ఆ రాయి రోలుకో తిరగలికో తప్ప పనికిరాదు. మోడల్ ఫొటో తీసి వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇక చూడండి, దండాలు, పూలు, మంటల బొమ్మలు. "అన్న పలుకుతాండాడు", "నీ చేతికి మొక్కాల" అని ఒకటే పొగడ్తలు. మనిషినే కదా, ఉబ్బిపోయాను.

అంతలో నంద్యాలలో స్టీలు సామాన్ల అంగడి నడిపే సుబ్బలక్ష్మమ్మ అనే ఆవిడ రాసింది. "పనితనం బాగుంది గానీ, ఈయన మన హీరో కాదు. గుళ్లో దేవుడి మాదిరి ఉండాడు. ఆ నగు రాల్యా."

నాకు ఒళ్లు మండింది. సినిమాలు చూసే మనిషి నాకు ముఖం చెక్కడం నేర్పుతుందా అనుకున్నాను. గ్రూపు నాకంటే ముందే మండిపోయింది. హేటర్ అన్నారు, పక్క హీరో ఫ్యాన్ అన్నారు. అడ్మిన్ మద్దిలేటి, "అక్కా, ఆ మెసేజ్ తీసెయ్. లేకుంటే నిన్నే తీసేస్తా" అని పెట్టాడు.

ఆవిడ తగ్గలేదు. "ఆయప్ప సినిమా వస్తే మొదటాట చూడకుండా అంగడి తలుపు తీసినదాన్ని కాదు. నేనేంది హేటర్? రేపు రాతిలో చేసినంక ఊరంతా నగితే ఎవరు దిద్దుతారప్పా?"

ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఫోన్ చేసి, "ఏం తప్పో వచ్చి చూపించమ్మా" అన్నాను, కాస్త కటువుగానే. మరునాడు బస్సెక్కి వచ్చేసింది. మోడల్ చుట్టూ తిరిగి చూసి, ఫోన్‌లో హీరో నవ్వుతున్న ఫొటో నా ముందు పెట్టింది.

"సగం ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి చూడన్నా."

చూశాను. ఫొటోలో ఎడమ బుగ్గ పైకి లేచి, ఆ పక్క కన్ను చిన్నదైంది. కుడి పక్క అసలు నవ్వే లేదు. నా మోడల్‌లో రెండు సగాలూ ఒకటే.

"ఆయప్ప నగేది ఒక పక్కకే. ఆ వంకర నగుకే కదా మేం పడి చచ్చేది" అంది.

తాలమానం అని మాకు కొలతల శాస్త్రం ఉంది. దాని ప్రకారం దేవుడి ముఖం రెండు పక్కలా సమంగా ఉండాలి. చిన్నప్పటి నుంచి అలాగే చెక్కిన చెయ్యి ఈ మనిషి వంకరను కూడా తనంతట తానే చక్కదిద్దేసింది. గ్రూపులో అందరికీ ఆయన దేవుడే కాబట్టి ఎవరికీ తేడా కనిపించలేదు.

మద్దిలేటికి ఫోన్ చేశాను. అప్పటికే ఆవిడను గ్రూపులోంచి తీసేశాడట.

"ఆమెను మళ్లీ చేర్చుకో. లేదంటే నేను ఉలి పట్టను" అన్నాను.

"ఏందన్నా, మన అన్నను తిట్టినామెకు సపోర్ట్ చేస్తాండావ్?"

"తిట్టలేదప్పా. మనకంటే బాగా చూసింది."

గొణుగుతూనే చేర్చాడు. నేను మట్టిలో ఆ బుగ్గ లేపి, ఆవిడ సరేనన్నాకే రాయి మొదలుపెట్టాను.

విగ్రహం తెర తీసిన రోజు మద్దిలేటి దాని ఎడమ బుగ్గ మీద చెయ్యి వేసి, కళ్లు తుడుచుకుని, "అక్కా, ఈడికి రా. ముందు నువ్వు దండ వెయ్" అన్నాడు. ఆవిడ దండ వేసి, నా వైపు తిరిగి, "మెడ రవ్వంత లావైందన్నా" అంది. నిజమే, లావైంది.

పొగిడినవాళ్లంతా హీరోను చూసి పొగిడారు. నా పనిని చూసింది ఆవిడ ఒక్కతే. ఇప్పుడు ఏ మోడల్ ఫొటో పెట్టినా, బాగుందన్నవాళ్లకు దండం పెట్టి ఊరుకుంటాను. బాగలేదన్నవాళ్లకు ఫోన్ చేస్తాను.