వేపమండ కట్టిన గుమ్మాలు

2021 వేసవిలో నన్ను బొబ్బిలి దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డిప్యుటేషన్ మీద పంపారు. హోదా హెల్త్ సూపర్‌వైజర్. కోవిడ్ టీకాకు రాకుండా మిగిలిపోయిన దీర్ఘకాలిక రోగులను ఇళ్లకు వెళ్లి కలవడం నా పని. వాళ్లలో అసలు లొంగనివాళ్లు కీళ్లవాతం ఉన్నవాళ్లు. ఒంటిని కాపాడవలసిన శక్తే కీళ్ల మీద తిరగబడే జబ్బు అది. ఆ శక్తిని అణచి ఉంచడానికి ఏళ్ల తరబడి మాత్రలు వాడాలి. కాబట్టి కోవిడ్ సోకితే వీళ్లకు ముప్పు ఎక్కువ.

షుగరు ఉన్నవాళ్లు నచ్చజెబితే వచ్చేవారు. వీళ్లు వాదించేవారు కూడా కాదు. ఏ ఊళ్లో అడిగినా ఒకటే మాట: పెట్టె ఊళ్లోకి వస్తే కీళ్లు బిగుసుకుపోతాయి. పెట్టె అంటే, టీకా సీసాలను ఐస్ ప్యాకుల మధ్య సర్ది మేం భుజాన మోసే నీలం క్యారియర్.

లెక్కలు నేను కాలేజీలో చదువుకోలేదు. పాత గణాంక పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. ఏది ముందు, ఏది వెనక అని చూసుకోవడం అందులో మొదటి పాఠం. ఇక్కడ ఆ వరుసే తిరగబడింది. బాధ ముందు, సూది వెనక. భ్రమ అనుకుందామంటే కళ్లారా చూశాను. కిందటి వారం నాతో నిలబడి మాట్లాడినవాళ్లు, ఊళ్లో టీకా క్యాంపు పెట్టే రోజు పొద్దున్నకి మంచంలో కదలకుండా పడి ఉండేవారు. మూతైనా తీయని పెట్టె నా భుజానికి వేలాడుతుండేది. కొన్నాళ్లకు దాన్ని ఒంటరిగా మోసుకుపోవడానికి నాకే మనసొప్పేది కాదు.

ఒక ఊళ్లో పైడమ్మ అనే ఆమెకు ఈ జబ్బు ఉండేది. భర్త సింహాచలం వీణల కొట్టులో పనస చెక్క చెక్కుతాడు. పక్క వీధిలో ఉండే ఆమె అక్కకూ ఇదే జబ్బు. అక్క అంతకు ముందు జరిగిన క్యాంపుకు సరిగ్గా ఒక రోజు ముందే, సూది పడకుండానే చనిపోయింది.

ఈసారి క్యాంపు పొద్దున్న ఆ వీధికి వెళ్లాను. ఎండ ఎక్కినా తలుపులు మూసే ఉన్నాయి. పైడమ్మ గుమ్మానికి పచ్చి వేపమండ కట్టి ఉంది. తలుపు తట్టాను. లోపల గడియను ఏదో గీకుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ మొదలైంది. గడియ మాత్రం కదలలేదు. తర్వాత ఏదో జారి కిందపడినట్టయింది.

నేనెవరో చెప్పాను.

"తెలుసు బాబూ. పెట్టి వచ్చీసినాది కదా. సేతులాడట్లేదు."

ఆ గొంతు తలుపు కింది సందులోంచి, నేల మట్టం నుంచి వచ్చింది.

నా కేకకు సింహాచలం పెరట్లోంచి వచ్చి తలుపు తీశాడు. ఆమె గడప లోపలే పడి ఉంది. ఒళ్లు చల్లబడి, చెమటలు పట్టి ఉంది. నాడి సన్నగా కొట్టుకుంటోంది. రాత్రంతా వాంతులని చెప్పాడు. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాను.

"దండోరా ఏసిన కాడ్నుంచి బాబూ. రోజురోజుకీ దిగిపోతన్నాది."

మాత్రలు వేసుకుంటోందా అన్నాను. ఆ స్థితిలోనూ పైడమ్మ నన్ను వింతగా చూసింది.

"అమ్మోరు వస్తన్నాదంతే మందులు మింగుతామేటి? ఇన్నాళ్లు ఉజ్జోగం సేసి ఇదీ తెల్దా?"

ఆటలమ్మ పోసిన ఇంట్లో గుమ్మానికి వేపమండ కట్టి, అమ్మవారు వెళ్లేదాకా మందు ముట్టరు. ఇక్కడ టీకాను కూడా అమ్మవారిగానే ఎంచారు. క్యాంపు ఫలానా రోజని దండోరా వినగానే ఇల్లు కడిగి, మాత్రలన్నీ ఆపేస్తున్నారు. ఈ జబ్బుకిచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఒకటి. ఏళ్లుగా దాన్ని మింగిన ఒళ్లు అలాంటి పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. మాత్ర హఠాత్తుగా ఆపితే కీళ్లు బిగుసుకోవడంతో పోదు. రక్తపోటు పడిపోయి ప్రాణమే పోవచ్చు.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. వెంటనే ఇంజెక్షన్ పడాలి, 108లో తీసుకురమ్మన్నారు. సింహాచలం అడ్డుపడ్డాడు. ఇంట్లో అమ్మోరుండగా మందిస్తే కోపమొస్తాదన్నాడు. మీ వదిన కూడా మాత్రలు మానేసిందా అని అడిగాను. అతను గుమ్మానికున్న వేపమండ వైపు చూశాడు.

"దండోరా నాడే మానీసినాది," అన్నాడు. తర్వాత వంగి భార్య చంకల కింద చేతులు వేశాడు. "ఒసే, లెగు. అమ్మోర్తో నాను మాటాడుకుంతాను."

పైడమ్మ బతికింది. మాత్రలు మళ్లీ కుదిరాక, డాక్టరుగారు చెప్పిన రోజున టీకా వేయించుకుంది. ఆ రోజూ గుమ్మానికి వేపమండ ఉంది. దాన్ని తీయమని నేను అడగలేదు. రోజూ వేసుకునే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఎవరూ మానొద్దన్న మాటను దండోరాలో చేర్పించాం. పెట్టె వస్తే మంచాన పడేవాళ్లు తగ్గారు.

టీకా తర్వాత జరిగే దానికి మా దగ్గర ఫారం ఉంది. ముందు రోజు జరిగే దానికి లేదు. అందుకే పైడమ్మ అక్క మరణం ఏ లెక్కలోకీ ఎక్కలేదు. స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసేదాకా కొత్తగా చేరినవాళ్లకు ఒకటే చెప్పాను: రోగి దేనికి భయపడుతున్నాడో అడిగి ఊరుకోవద్దు, ఆ భయంతో ఏం మానేశాడో కూడా అడగండి.