ఇసుకలో ఎవరి గుంట వాళ్లది

“సిమెంటు ఒర దించినంక ఎవ్వరూ తవ్వే పని లేదమ్మా. వచ్చినోళ్లు దిగి తానం చేసి పోతరు,” అన్నాడు నా కొడుకు.

“ఒకరు తానం చేసిన నీళ్లల్ల ఇంకొకరు దిగుడేందిరా? మీ నాయిన్ను అండ్ల దించ,” అన్నాను.

ఇంటింటికీ సెల్‌ఫోను ఇంకా రాని రోజులవి. మా ఊరు భద్రాచలానికి దగ్గర్లో, గోదారి ఒడ్డున. వానాకాలం పోయి నీళ్లు తగ్గాక ఒకచోట ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరుతాయి. ఎవరి గుంట వాళ్లే తవ్వుకోవాలి, పోయేముందు పూడ్చాలి. మా అత్త నాకు నేర్పిన పద్ధతి అది.

ఆ చలికాలం మా ఆయన మోకాళ్లు బిగుసుకుపోయాయి. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేడు. పాల్వంచ దవాఖానాలో ఆపరేషన్ అన్నారు. ముందు పదకొండు పొద్దులు వేడినీళ్లలో కాళ్లు పెట్టిస్తానన్నాను. రోజూ గుంట తవ్వి కూర్చోబెట్టాను. ఏడో పొద్దుకు నా ఒక్కదాని భుజం పట్టుకుని లేచాడు. అప్పుడే ఈ ఒర గొడవ వచ్చింది.

కొడుకు మాటలోనూ న్యాయం ఉంది. గుడికి వచ్చిన పట్నపు ఆడమనిషి ఒకామె, వాచిన కాళ్లతో ఇసుక తవ్వలేక ఉత్తగా తిరిగిపోయింది. అందుకే వాడూ వాడి దోస్తులూ కలిసి, బావిలో దించే గుండ్రటి సిమెంటు ఒర కొనుక్కొచ్చారు.

“తవ్వనీకి మనిషిని పెట్టు. ఆ నీళ్లు ఒక్క జాగల ఉండయిరా, గోదారి తగ్గిన కొద్దీ జరుగుతయి,” అన్నాను.

“నీళ్లకు కాళ్లున్నయా?”

మంచం మీది నుంచి మా ఆయన అన్నాడు: “నా కాళ్లకన్న నయమే ఉన్నయి.”

సాయంత్రానికి మా గుంట ఉన్నచోటే ఒర దించేశారు. నేను పార కడిగి గడప పక్కన పెట్టుకున్నాను.

తెల్లారి ముగ్గురం వెళ్లాం. గోదారి నాలుగడుగులు వెనక్కి తగ్గింది. ఒరలో మోకాటిలోతు నీళ్లున్నాయి. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉన్నాయి. తడి ఇసుక అంచు దాకా పోయి తవ్వడం మొదలుపెట్టాను. మోచేతి లోతుకు వేడి తగిలింది.

కొడుకు కూడా ఒరలో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత వచ్చి నా చేతిలో పార తీసుకుని మిగతా గుంట వాడే తవ్వాడు. వాళ్ల నాయిన కాళ్లు పెట్టి కూర్చున్నాడు. ఎండ ఎక్కాక మమ్మల్ని పట్టుకోకుండా కర్ర ఊతంతో లేచాడు. కొడుకు గుంట పూడ్చాడు. ఇంటికి వచ్చేశాం.