గూడ్స్ ఇంజనుకు వత్తులు

మా ఆవిడ భ్రమరాంబది తెనాలి. ఐర్లండు వచ్చి పద్నాలుగేళ్లయినా లక్షవత్తుల నోము మాత్రం వదల్లేదు. ట్రాలీ అనే ఊళ్లోని మా ఇంట్లో టీవీ చూస్తూ, ఫోను మాట్లాడుతూ పత్తి వత్తులు చేస్తూనే ఉంటుంది. నేను ఎగతాళి చేయని రోజు లేదు. "మీ పాత ఇనుము కంటే నయమే లెండి," అనేది.

పాత ఇనుమంటే నా సరదా. మందుల ఫ్యాక్టరీలో ఇంజనీర్ని. శనివారాలు మాత్రం మూతపడిన బ్రాంచి లైను షెడ్డులో ఉంటాను. అక్కడ విక్టోరియా రాణి కాలం నాటి గూడ్స్ ఇంజను ఉంది. ఒకప్పుడు పశువులనూ వెన్న పీపాలనూ మోసింది. ముసలి డ్రైవరు డోనల్‌తో కలిసి కొందరం తొమ్మిదేళ్లు కష్టపడి దానికి ప్రాణం పోశాం. ఒక ఆదివారం అది రైల్వే ఇన్‌స్పెక్టరు ముందు నడిచి చూపించాలి. బేరింగు వేడెక్కితే ఈ ఏడాదికి అనుమతి లేనట్టే. డోనల్‌కు డెబ్బై తొమ్మిది. ఇంకో ఏడాది ఆగమని ఆయనకు ఎవరు చెబుతారు?

ముందురోజు పొద్దున నాకు శుభ్రం చేసే పని ఇచ్చారు. దుమ్ము కణం కూడా ఉండకూడని గదుల్లో ఇరవై ఏళ్లు పనిచేసిన బుద్ధి ఊరుకుంటుందా! బేరింగుల మీది నూనె డబ్బాల్లో జిడ్డోడే ఉన్ని పోగులు కనిపించాయి. చెత్త అనుకుని లాగి షెడ్డులోని పొయ్యిలో పడేశాను. డోనల్ చూసి "రామ్మోహన్!" అంటూ అక్కడే కూలబడ్డాడు. నూనెను చుక్కచుక్కగా బేరింగులోకి దించేవి ఆ పోగులేనట. కొత్తవి ఇంగ్లండు నుంచి బుధవారానికి గాని రావు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

షెడ్డు గడప ఎన్నడూ తొక్కని భ్రమరాంబ అరగంటలో ఉన్ని ఉండలతో దిగింది. పొయ్యిలో పడకుండా మిగిలిన ఒక్క పోగును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇవి వత్తులే కదండీ! పురి బిగిస్తే నూనె పీల్చదు, వదిలేస్తే బొటబొటా కారిపోద్ది. కళ్లెక్కడ పెట్టుకున్నారు?"

ఇద్దరూ కూర్చున్నారు. ఆమె పేనుతుంటే డోనల్ నూనెలో వేలాడదీసి, గడియారం పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టాడు. మొదటి మూడింటికీ తల అడ్డంగా ఊపాడు. నాలుగోదానికి "గ్రాండ్" అన్నాడు. సాయంత్రానికి పదహారు తయారై నూనెలో నానాయి.

ఆదివారం ఇంజను మేం బాగుచేసుకున్న పట్టాల మీద మూడు మైళ్లు నడిచి ఆగింది. డోనల్ దిగి ఒక్కో బేరింగునూ తాకి, భ్రమరాంబను రమ్మని ఆమె చేయి కూడా అక్కడ పెట్టించాడు.

"గోరువెచ్చగా ఉందండీ, అంతే!" అని అరిచింది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు. డోనల్ కళ్లు తుడుచుకున్నాడు, నేనూ తుడుచుకున్నాను.

"నోముకు ఉన్ని పనికిరాదు గానీ, ఈ పదహారూ లెక్కలో వేసేసుకుంటా," అంది ఆవిడ.

మరుసటి శనివారం షెడ్డు బోర్డు మీద పనుల జాబితా చూశాను. నూనె, వత్తులు: భ్రమరాంబ. ఆమె చెప్పనిదే ఏదీ ముట్టుకోకూడనివాడు: రామ్మోహన్.